కొమ్ము ఊదేవాడి కోరపన్ను

ఎవరి నోటి కంపు వాళ్ళకు అందరికన్నా ఆఖరున తెలుస్తుంది. నాకు మా మేక చెప్పింది. పొగాకు కాడలు, చిరిగిన గోనెసంచి, ఒకసారి మా నాయిన తలగుడ్డ కూడా నమిలిన జీవం అది. ఒక పొద్దున దాని మొహంలో మొహం పెట్టి, "ఏందే, ఇంక మేతకు పోవా?" అని అడిగితే ఒక్క తుమ్ము తుమ్మి మెడ పక్కకు తిప్పుకుంది. వాకిలి ఊడుస్తున్న మా ఇంటిది చీపురు ఆపి నవ్వింది.

"నాలుగు దినాల సంది నేను గదే చెప్తున్న. మేక నయం, మొఖం తిప్పుకున్నది. నాకు తిప్పుకునే జాగ యాడున్నది? ఒక్కటే గుడిసె," అన్నది.

వేలితో చిగురు రుద్ది వాసన చూసుకున్నాను. వానకు తడిసిన తోలు, ఆ తోలు కింద చచ్చిన ఎలుక, ఆ ఎలుక మీద పాసిపోయిన కల్లు. ఇంతకన్నా మంచి పోలిక ఈనాటికీ నాకు దొరకలేదు. అంతా ఒక్క పన్ను దగ్గరే. ఎడమ పక్క పైకోర. సగం విరిగిపోయి, మిగిలిన సగం నల్లబడి, నడుమ ఒక గుంత పడింది. నాలుక ఎప్పుడూ అక్కడికే పోయేది. పోవద్దని ఎంత బిగబట్టినా పోయి, ఆ గుంతలో తిరిగి, అక్కడి రుచి తెచ్చి నోరంతా పంచేది.

ఆ రోజుల్లో మా వైపు ఎవరి పన్ను విరిగినా జనం దొర ఉండే గడీ దిక్కు చూసేవాళ్ళు. దొర మనుషులు, వాళ్ళ వెంట వచ్చే పోలీసులు తుపాకి మడమలతో చాలామంది దవడలు పగలగొట్టారు. నా పన్ను విషయంలో మాత్రం వాళ్ళకు ఏ పాపమూ తెలియదు. అది నా సొంత సంపాదన. తాళ్ళల్లో, తాటిచెట్ల కింద కల్లు తాగేచోట, నిండు కల్లుకుండను, ఆ లొట్టి మెడ తాడు పళ్ళతో పట్టి లేపుతానని పందెం కట్టాను. లేపాను. నలుగురు చప్పట్లు కొట్టేసరికి ఉబ్బిపోయి తల ఊపాను కూడా. లొట్టి పగల్లేదు, పన్ను పగిలింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాణ్ణి నేనే.

వేరేవాళ్ళకైతే అది ఒక పన్ను. మాది కొమ్ము ఊదే ఇల్లు. తాతల నాటి రాగి కొమ్ము, మనిషి పొడుగుంటుంది, కొడవలిలా వంపు తిరిగి ఉంటుంది. ఆడవాళ్ళు దాన్ని ముట్టకూడదు, దాటకూడదు అని చూరుకు వేలాడదీసేవాళ్ళం. జాతరకు, పీనుగ ముందు, దొర ఊళ్ళోకి వస్తే పొలిమేర నుంచి గడీ దాకా మా నాయిన ఊదేవాడు. దొర మీద తిరగబడ్డ రైతుల సంఘం వచ్చాక కొమ్ముకు పని మారింది. ఇదివరకు దొర వస్తే మర్యాదకు ఊదినదాన్నే, ఇప్పుడు దొర మనుషులు వస్తే జనాన్ని లేపడానికి ఊదుతున్నాం. కొమ్ము వినపడిందంటే మగవాళ్ళు వడిసెలలు పట్టుకుని రావాలి, ఆడవాళ్ళు కారం పొడితో రావాలి, కల్లాల్లో ఉన్న గింజలు సంచులకెత్తి గుట్ట వెనుక పాతరలకు చేర్చాలి. బాట పక్క నుంచి గుట్ట మీది పైకల్లాల దాకా అరిస్తే గొంతు అందదు. కొమ్ము అందుతుంది.

ఆ యేడు ఆ గింజలు మాకూ ఉన్నాయి. గడీ కింద ఏళ్ళకేళ్ళుగా పడావు పడ్డ చెలకలు సంఘం దున్నించి పంచింది. రఘునాథపల్లి బాట పక్కన మాకొక ముక్క వచ్చింది. మా ఇంట్లో ఎన్ని తరాలు వెనక్కి పోయినా మాది అని చెప్పుకున్న మట్టి లేదు. మా ఇంటిది ఆ చెలకలో రాళ్ళేరి, జొన్న చల్లి, పిట్టలను కొట్టి, కంకులు కోసి కల్లంలో వేసింది. నేనూ చేశాను గాని, నేను చేసినదానికన్నా చెప్పింది ఎక్కువ. మొదటి పంట. దొర ఊరుకోడని అందరికీ తెలుసు. బండ్లు, మనుషులు, పోలీసులు ఏదో ఒక పొద్దున వస్తారు. ఏ పొద్దునో తెలియదు. అందుకే మంచె మీద ఒక మనిషి కావలి, మంచె కింద నేను, నా పక్కన కొమ్ము.

కొమ్ము ఊదాలంటే పెదవులు బిగించి పళ్ళకు అదిమిపెట్టాలి. ఊపిరంతా దవడల్లో నిలవాలి. అదిమిపెట్టిన ప్రతిసారీ ఆ కోరపన్ను చెవిలో మేకు దిగగొట్టేది.

మంగలి మామ దగ్గరికి పోయాను. ఊళ్ళో గడ్డం గీసేది, కురుపులు కోసేది, పళ్ళు పీకేది ఆయనే. కురుపులు కోసీ కోసీ దేనికీ అసహ్యపడని మనిషి. నా నోరు తెరిపించి, తొంగిచూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏమన్న పాతిపెట్టినవారా నోట్లె?"

"మీ అత్తను. మొన్న కనపడుతలేదన్నవు గద."

"జర నోరు మూసి మాట్లాడు," అని పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకుని మళ్ళీ చూశాడు. "కదులుతున్నది. ఇయ్యాల పటకారేస్తే వస్తది. చీము పట్టి దవడ ఎక్కిందనుకో, అప్పుడు నేను చెయ్యి పెట్ట. జనగామ దవాఖానకు పోవుడే."

"తీసినంక కొమ్ము ఊదచ్చునా మామా?"

"పదిహేను దినాలు ముట్టద్దు. పుండు పచ్చిగుంటది. గాలి బిగబడితే నెత్తురు ఆగది. మీ నాయిన సంగతి యాదికి లేదా?"

యాదికి ఉంది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. బడిలో పంతులు ఉర్దూ అక్షరాలు నా అరచేతుల మీద బెత్తంతో రాస్తుంటే పారిపోయి వచ్చాను. ఇంటి ముందు మా నాయిన వెల్లకిలా పడి ఉన్నాడు. ఇదే మంగలి మామ ఆయన రొమ్ము మీద మోకాలు పెట్టి, కమ్మరి కొలిమి పటకారు నోట్లో దూర్చి గుంజుతున్నాడు. ఇద్దరు కాళ్ళు పట్టుకున్నారు. మూడు గుంజుళ్ళకు పన్ను వచ్చింది, దాంతో పాటు చిగురు ముక్క. మూడో రోజే జాతర. ఊదనంటే గడీ ఊరుకోదు. మా నాయిన ఊదితే కొమ్ము కొస నుంచి పాటకు బదులు నెత్తురు చుక్కలు కారాయి. ముందు నడుస్తున్న దొర తెల్ల ధోవతి మీద రెండు చుక్కలు పడ్డాయి. దానికి ఏం జరిగిందో మా నాయిన వీపుకు తెలుసు. నేను ఆ రోజు నుంచి బడికీ పోలేదు, మంగలి మామ ఎదురైతే నోరూ తెరవలేదు.

పదిహేను రోజులు ఊదకూడదు. కల్లాలు ఎత్తడానికి పన్నెండు రోజులు పడుతుంది. ఈ రెండు లెక్కలూ నిజమే. అయితే నాకు అవి ఎంత హాయిగా అనిపించాయో చెబితే ఇప్పుడు సిగ్గేస్తుంది. పటకారు నుంచి తప్పించుకోవడానికి ఊరంత అడ్డం దొరికింది నాకు.

మా ఊరి సంఘానికి పెద్ద ఒక కాపు రైతు. అంతకుముందు ఆయన్ను పటేలా అనేవాళ్ళం. సంఘం వచ్చాక అన్నా అనమన్నాడు. నాలుక తిరగడానికి నెల పట్టింది. ఆయన దగ్గరికి పోయి, గొంతు బరువు చేసుకుని చెప్పాను.

"అన్నా, మామ ఇయ్యాలనే పీకుతనంటున్నడు. కని కల్లాలున్నయ్. జనం పని ముందట నా పన్నెంత? ఎత్తేదాక ఓపిక పడుత."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. నా భుజం తట్టబోయి, నా ఊపిరి తగిలి, గాలిలోనే తట్టాడు. "గిసుంటోళ్ళుంటే దొర ఏం పీకుతడురా!" అన్నాడు.

"నాది పీకకుంటే సాలు," అన్నాను.

ఇంటికి వచ్చి ఆ మాటే మా ఇంటిదానికి చెప్పాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో మంట లేపుతోంది. ఆ ఊదుగొట్టం పక్కింటి అవ్వది. మాది పగిలి నెల అయింది. ఆమె ఊదడం ఆపి నన్ను కిందినుంచి మీదికి చూసింది.

"జనం కోసమా, బుగులుకా?"

"ఏం బుగులు?"

"మంగలాయన పేరెత్తితే నీ మొఖం సున్నమైతది. చిల్పూరు గుట్ట మీది బుగులు వెంకన్నకు మొక్కుకో. పన్ను పోవాలని కాదు, బుగులు పోవాలని మొక్కుకో. గీ కంపుతోని పన్నెండు దినాలు నేనెట్ల పండాలె?"

"బయట పండు."

"పన్ను పీకిచ్చుకోనోడు బయట పండాలె," అని నా చాప వాకిట్లో వేసింది.

జనగామ దవాఖాన మాట కూడా అనుకున్నాం. అక్కడ మందు వేసి నొప్పి తెలియకుండా తీస్తారని విన్నాను. కానీ బాట మీద పోలీసులున్నారు. మొహానికి గుడ్డ చుట్టుకుని పోయేవాడు సంఘం మనిషే అని వాళ్ళ గట్టి నమ్మకం. నా దవడకు గుడ్డ చుట్టకపోతే గాలి తగిలి ప్రాణం పోతుంది, చుడితే పోలీసులు తీస్తారు. కాబట్టి అదీ వద్దన్నాను. వద్దనడానికి నాకు ఆ రోజుల్లో అన్నీ కలిసి వచ్చాయి.

నాలుగో రోజున మా ఇంటిది మానుకోట దిక్కున్న తన తల్లిగారి ఊరి నుంచి ఒక అవ్వను పిలిపించింది. పంటి పురుగులు తీయడంలో ఆమె పేరు చుట్టూ పది ఊళ్ళకు తెలుసు. ఆ అవ్వ ముళ్ళ వాకుడు కాయల్లోంచి తీసి ఎండబెట్టిన గింజలు తెచ్చింది. పెంకు ఎర్రగా కాల్చి, నీళ్ళ తాంబాళం నడుమ పెట్టి, దాని మీద నూనె కలిపిన గింజలు చల్లింది. నన్ను తాంబాళం మీదికి వంచి, తల మీద దుప్పటి కప్పి, నోరు తెరిచి పొగ పట్టమన్నది.

పొగ గొంతుకు పట్టి కళ్ళల్లోంచి, ముక్కులోంచి, నోట్లోంచి ఏవేవో కారాయి. సొల్లు తీగలు తీగలుగా నీళ్ళల్లోకి జారింది. చాలాసేపటికి దుప్పటి తీసి, "సూడు బిడ్డా," అన్నది అవ్వ.

చూశాను. నా సొల్లు తేలుతున్న ఆ నీళ్ళల్లో తెల్లగా, సన్నగా, వంకర తిరిగి పది పన్నెండు ఉన్నాయి. నీళ్ళు కదిలితే అవీ కదిలాయి. అవి నా నోట్లో ఉన్నవి. నేను తిన్న జొన్న గటక తిన్నవి. నేను మాట్లాడుతుంటే లోపల కూర్చుని విన్నవి. కడుపులో ఉన్నదంతా ఆ తాంబాళం పక్కనే కక్కాను. వారం రోజులు మెతుకు చూస్తే నాకు ఆ తెల్లటి వంకరలే కనపడ్డాయి. గంజి తాగి బతికాను, అదీ కళ్ళు మూసుకుని.

కానీ నొప్పి తగ్గింది. రెండు రోజులు పూర్తిగా పోయింది. "పురుగులు పోయినయ్, ఇంక పన్నుతోని నీకేం పంచాయితీ?" అన్నది అవ్వ. నాకు కావలసిన మాట అదే. పీకించుకోవడం ఇక అక్కరలేదనుకున్నాను.

నొప్పి లేని నా నోరు ఊరుకుంటుందా! సాయంత్రం తాళ్ళల్లోకి పోయి పురుగుల కథ విప్పాను. పది పన్నెండు పురుగులు నా నోట్లో నలభై అయ్యాయి. ఒక్కొక్క దానికి నల్ల తల వచ్చింది. ఒకదానికి మీసాలు పెట్టి పోలీసు అమీను అని పేరు పెట్టాను. లావుగా ఉన్నదానికి దొర అని పెట్టాను. చిన్నవి వాటి ముందు నడిచాయి. అన్నీ కలిసి నా చిగురుకు పన్ను వసూలు చేశాయి. వాటిలో ఒకటి కొమ్ములోకి దూరి ఊదిందని కూడా అన్నాను. తాటాకు రేకులో కల్లు పట్టిన గొల్లాయన నవ్వలేక, మింగలేక, ముక్కులోంచి వదిలాడు. ఇంకొకాయన లేచి చెట్టు వెనక్కి పోయి కక్కి వచ్చి, "మల్ల చెప్పు," అన్నాడు. నా జన్మలో అంత బాగా ఏ కథా పండలేదు. తెల్లారేసరికి ఊరంతా చెప్పుకున్నారు.

తొమ్మిదో రోజున దవడ ఉబ్బింది. పొద్దున లేచేసరికి ఎడమ కన్ను సగమే తెరుచుకుంటోంది. చెంప మీద వేలు పెడితే వేడి నీళ్ళ సంచి. పెదవి పక్కకు వంకర పోయి, బిగించబోతే సొల్లు కారింది. కొమ్ము మూతి పెట్టి చూశాను. చప్పుడు రాలేదు. నాకే వాంతి వచ్చింది. ఇంకా మూడు రోజుల కల్లాలున్నాయి.

మంగలి మామ దూరం నుంచే చూసి, "చెప్పిన గద. నేను ముట్ట. పగిలినంక రా," అన్నాడు.

సంఘం అన్న పరేషాన్ అయ్యాడు. మంచె కింద జనాన్ని పిలిచి, కొమ్ము నడుమ పెట్టించాడు. ఇంకో కొమ్ము గడీలో ఉంది, అది అడగగలిగిన చోటు కాదు. "మనల ఎవలన్న ఒకలు మూడు దినాలు ఊదాలె. గట్టి ఊపిరున్నోడు రావాలె," అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

మావైపు సంగతి చెప్పాలి. నీళ్ళు తాగినా, కల్లు తాగినా ఎవరూ ముంతకు మూతి తగలనివ్వరు. పైనుంచి పోస్తే దోసిట్లోనో, తాటాకు రేకులోనో పట్టి తాగుతారు. అన్నదమ్ములైనా అంతే. ఎంగిలి అంటే ఎంగిలే. కొమ్ము ఒక్కటే మూతి పెట్టకపోతే పలకని వస్తువు. దానికి నా మూతి, అంతకుముందు మా నాయిన, తాతల మూతి తప్ప ఏ మూతీ తగల్లేదు. పైగా ఊరవతలి మా వాడ మూతి. అన్నిటికన్నా మీద, నా పురుగులు.

"బూడిదతోని తోమిద్దాం," అన్నాడు అన్న. తోమారు. చింతపండు పెట్టి రుద్దారు. వేపాకు నీళ్ళు మరగబెట్టి లోపల పోశారు. రాగి కొత్త కుండలా మెరిసింది.

గొల్లాయన గొర్రెలను అదిలించి అదిలించి మంచి ఊపిరి సంపాదించినవాడు. అందరూ ఆయన దిక్కు చూశారు.

"నాకొద్దు," అన్నాడు. "దాంట్ల అమీనున్నడు."

జనం నవ్వారు. నేను నవ్వలేకపోయాను. దవడ నొప్పి ఒకటి. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడం ఇంకొకటి.

"గవి ఉత్త మాటలే గొల్లన్నా. మీసాలు నేను పెట్టిన," అన్నాను వంకర మూతితో.

"మీసాలు నువ్వే పెట్టినవ్. పురుగులు నిజమే గద?"

నేను కూడా నిజమనే నమ్మాను. మా వాడలో తమ్ముడి వరస వాళ్ళిద్దరిని అడిగారు. వాళ్ళకు మా ఎంగిలి పట్టింపు లేదు, పురుగుల పట్టింపు ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అప్పుడు నేను అన్న దిక్కు తిరిగాను.

"అన్నా, మనమంత ఒక్కటే అంటివి గద మీటింగుల. నువ్వే ఊదు."

ఆయన కొమ్ము తీసుకున్నాడు. మనసున్న మనిషి, ప్రయత్నం చేశాడు. మూతి దాకా తెచ్చి, ముక్కు పుటాలు అదిరి, కొమ్ము మెల్లగా దించాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఒక్కటేరా," అన్నాడు. "కని నోళ్ళు ఒక్కటి కావు గద."

ఆఖరుకు గొల్లాయన్ను తిట్టి ఒప్పించారు. ఆయన కొమ్ము మూతికి తన పంచె కొస కప్పి, దాని మీద నుంచి ఊదాడు. పిల్లి చీదినట్టు చప్పుడు వచ్చింది. "గుడ్డ తీస్తె మంచిగ వస్తది. వాళ్ళొచ్చిన్నాడు తీస్త," అన్నాడు. సరే అనుకున్నాం. ఆ రోజు అక్కడున్న అందరం ఒకరినొకరం నమ్మినట్టు నటించాం.

పదకొండో రోజు పొద్దు పొడిచి బారెడెక్కింది. మంచె మీది మనిషి తలగుడ్డ విప్పి ఊపాడు. రఘునాథపల్లి బాట మీద దుమ్ము. బండ్లు, వాటి వెంట తుపాకులు.

గొల్లాయన కొమ్ము ఎత్తాడు. పంచె కొస తీశాడు. కళ్ళు మూసుకున్నాడు. మూతి పెట్టాడు కూడా, పెట్టాడనే చెప్పాలి. అంతలో ఒళ్ళంతా కుదిపినట్టు ఓకరించి కొమ్ము కింద పడేశాడు. ఎత్తుకుని మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఓకరించాడు. పొద్దున తాగిన గటక గడ్డి మీద పడింది. దుమ్ము దగ్గరికి వస్తోంది.

నేను కొమ్ము గుంజుకున్నాను.

మొదటి ఊపిరికి గాలి పెదవి పక్కనుంచి పోయింది. రెండోసారి కుడిచేత్తో ఎడమ చెంపను కొమ్ము మూతికి అదిమిపెట్టి ఊదాను. లోపల ఏదో చిట్లింది. వెచ్చగా, ఉప్పగా, చిక్కగా నోరు నిండింది. ఆ రుచి చెప్పను. ఉమ్మడానికి సందు లేదు. మూడో ఊపిరి ఆ చీముతో, నెత్తురుతో కలిసే కొమ్ములోకి పోయింది. బయటికి వచ్చింది కొమ్ము చప్పుడు కాదు. బురదలో దిగబడ్డ దున్న మొరలా బుడబుడలాడింది. పైకల్లాల వాళ్ళు, "ఎవలిదో దున్న సస్తున్నది" అనుకున్నారట. మరి నాలుగుసార్లు ఊదాక గాని వాళ్ళకు అర్థం కాలేదు.

పైకల్లాల వాళ్ళు చేతికందిన గింజలెత్తి, వడిసెలలు పట్టి దిగివచ్చేసరికి బాట పక్క కల్లాలు మూడు పోయాయి. వాటిలో మాది ఒకటి. మా ఇంటిది ఒక్క గంప నెత్తిన పెట్టుకుని గుట్ట దిక్కు ఉరికింది. మిగిలిన కుప్పను దొర మనుషులు బండ్లకెత్తి, మా చీపురుతోనే కల్లం ఊడ్చుకున్నారు. నేను అడ్డం పోతే ఒక పోలీసు తుపాకి మడమ ఎత్తాడు. నా గడ్డం నుంచి రొమ్ము దాకా పసుపుపచ్చగా, ఎర్రగా కారుతోంది. అతని ముక్కుకు వాసన తగిలింది. "ఛీ ఛీ!" అని మడమ దించి, ఎడంగా జరిగిపోయాడు. ఆ పన్ను నాకు చేసిన మేలు అదొక్కటే.

పైనుంచి వడిసెల రాళ్ళు మొదలయ్యేసరికి బండ్లు తిరిగాయి. "మల్ల వస్తం, పైవి గూడ ఊడుస్తం," అని అరుచుకుంటూ పోయారు.

ఎవరూ పిలవకుండానే నేను మంగలి మామ ఇంటి ముందు పోయి పడుకుని నోరు తెరిచాను. ఆయన మోకాలు పెట్టలేదు. ఎవరూ కాళ్ళు పట్టలేదు. పటకారు వేసి ఒక్క మెలిక తిప్పాడు. పప్పులోంచి మిరపకాయ తీసినట్టు వచ్చింది. నేను అరవడానికి ఊపిరి తీసుకునేలోపు అయిపోయింది.

"గంతేనా?" అన్నాను.

"గంతే. పదకొండు దినాల కింద గూడ గంతే," అన్నాడు.

ఆ పన్నును రాయి మీద పెట్టి రాయితో పగలగొట్టాను. పురుగుల కోసం. నల్లటి పొడి, కంపు, అంతకు మించి ఏమీ లేదు. పురుగు తిరిగిన బొక్క కూడా లేదు. చాలా ఏళ్ళకు జనగామలో ఒక డాక్టరుతో ఈ కథ చెబితే ఆయన పడి పడి నవ్వి, ఆ తెల్లటి వంకరలు వాకుడు గింజల కడుపులోని మొలకలేనని, వేడికి చిట్లి నీళ్ళల్లో పడతాయని చెప్పాడు. నేను కక్కింది గింజలను చూసి. ఊరిని కక్కించింది గింజల గురించి చెప్పి.

ఇంటికి వచ్చేసరికి మా ఇంటిది వాకిట్లో ఉంది. మిగిలిన ఆ ఒక్క గంప గింజలు పక్కన పెట్టి, కొమ్ము ఒళ్ళో వేసుకుని కడుగుతోంది. నన్ను ఒకసారి చూసి మళ్ళీ కొమ్ము మీదికి వంగింది. తిట్టినా బాగుండేది. నీళ్ళు పోస్తే కొమ్ములోంచి రావడం లేదు. నా నోట్లోది అడ్డం పడి గడ్డ కట్టింది. పుల్ల పెట్టి పొడిచింది. పోలేదు. అప్పుడు మూతి కొంగుతో తుడిచి, పొయ్యి ముందు కూర్చున్నప్పుడు ఊదుగొట్టం పట్టినట్టే పట్టి, బుగ్గలు నింపి ఊదింది.

గడ్డ పోయి గోడకు అంటుకుంది. వెనకే కొమ్ము పలికింది. నిటారుగా, శుభ్రంగా, మా నాయిన మంచి రోజుల్లో పలికినట్టు.

ఆమె అదిరిపడి కొమ్ము దించింది. అప్పటికే వాడలో అరుపులు. అన్న వడిసెలతో ఉరికివచ్చాడు, వెనక గొల్లాయన, వాళ్ళ వెనక ఆడవాళ్ళు కారం పొడి పిడికిళ్ళతో.

"యాడ? యాడున్నరు?"

"ఎవల్లేరు," అన్నది మా ఇంటిది. "కడుగుతున్న."

అందరూ కొమ్మును చూశారు, ఆమె మూతిని చూశారు. గొల్లాయన మొహం మేకపిల్ల మొహంలా అయింది. "గదాన్ని నోట్లె పెట్టుకున్నవా అక్కా?" అన్నాడు.

"రోజు పక్కింటి అవ్వ ఊదుగొట్టం పెట్టుకుంటలేనా? అవ్వకు పండ్లే లేవు, ఉన్న రెండు పాసినయ్," అన్నది. "పొయ్యి రాజెయ్యాలె గద."

"మల్ల గిన్ని దినాల సంది, ఊదుతనని నువ్వెందుకు చెప్పకపోతివే?" అన్నాను. చిగురులో కుక్కిన గుడ్డ అడ్డం వచ్చి మాట ముద్దగా వచ్చింది.

"గట్టి ఊపిరున్నోడు రావాలె అన్నడు అన్న," అన్నది. "నన్నెవలు అడిగిన్రు?"

అన్న తల దించుకున్నాడు. నేనూ దించుకునేవాణ్ణే గాని, దించితే గుడ్డలోంచి నెత్తురు కారుతుందని మంగలి మామ మెడ నిటారుగా పెట్టుకొమ్మన్నాడు.

పైకల్లాల జొన్నలో మాకొక పాలు ఇస్తామన్నారు. ఆమె వద్దనలేదు. ఆ దాడితో కల్లాలు ఎత్తే పని వెనకబడింది. మర్నాటి నుంచి మంచె కింద ఆమె కూర్చుంది, పక్కన కొమ్ము. నేను ఆమెకు గటక మోసుకుపోయేవాణ్ణి. నాలుగో రోజు పొద్దున బాట మీద మళ్ళీ దుమ్ము లేచింది. ఆమె కొమ్ము మూతి కొంగుతో తుడిచి, వాసన చూసి, మొహం చిట్లించింది.

"ఇంక కంపు కొడుతనే ఉన్నది నీది," అని, ఊదింది.

ఆ పొద్దు బండ్లు ఖాళీగా పోయాయి.